చిత్రగుప్తుల వారికి అనామతు ఖాతా విషయమై బహిరంగ లేఖ

శ్రీయుత చిత్రగుప్తుల వారి దివ్యసముఖమునకు,
యమధర్మరాజు గారి కచేరీ, సంయమనీపురం.

విషయం: అతీంద్రియ టెలివిజన్ ధారావాహికలలో బతికారో చనిపోయారో తేలని పాత్రల పద్దులు – పరిష్కారం కోరుతూ.

భూలోకంలో పుట్టిన ప్రతి ప్రాణి పాపపుణ్యాలూ అగ్రసంధాని అనే పద్దుపుస్తకంలో తమ చేతి మీదుగానే నమోదవుతాయని ప్రతీతి కనుక, టెలివిజన్ ప్రేక్షకుల పక్షాన ఈ విన్నపాన్ని ఏ చానెల్ యాజమాన్యానికో కాక నేరుగా తమ కచేరీకే సమర్పించడమైనది. యమలోకపు పుస్తకం ఒకటి చేయిజారి భూమ్మీద పడినట్లు 1994 నాటి యమలీల చిత్రం చూపించిన మాట నిజమే గాని, అది తమకు ఇబ్బంది కలిగించే ప్రస్తావన కాబట్టి ఇక్కడ విస్తరించడం లేదు.

అతీంద్రియ ధారావాహిక అంటే దయ్యాలు, పిశాచాలు, పరలోకాలు, జోస్యాలు కథను నడిపే టెలివిజన్ నాటకం. మామూలు నాటకంలో చావు చివరిమాట. ఇందులో చచ్చినవాడు తిరిగి రావచ్చు, బతికున్నవాడి ఒంట్లో మరొకరు కాపురముండవచ్చు, కాబట్టి శవం కంటికి కనిపించినా పాత్ర కథ ముగిసిందని చెప్పలేము. ఈ వెసులుబాటును ఆసరా చేసుకొని, పాత్ర గతి ఏమైందో చెప్పకుండానే తెర దించేయడాన్ని సందిగ్ధాంతం అనవచ్చు. క్లిఫ్‌హ్యాంగర్ అని వ్యవహరించే ఉత్కంఠ ముగింపు దీనికి దాయాదే గాని ఇదే కాదు. అది వచ్చే వారమో వచ్చే సీజన్‌లోనో జవాబు చెల్లిస్తామని రాసిచ్చిన ప్రోనోటు, సీజన్ రద్దయిన రోజున దానికి కాలదోషం పట్టి, చూసేవారి కంటికి అదీ సందిగ్ధాంతంలాగానే కనిపిస్తుంది.

తమ ముందుంచుతున్న పద్దుల్లో బాగా చిక్కుపడినది ఆడ్రీ హార్న్ అనే యువతిది. డేవిడ్ లించ్, మార్క్ ఫ్రాస్ట్ సృష్టించిన ట్విన్ పీక్స్ అమెరికాలోని ఏబీసీ చానెల్‌లో 1990 ఏప్రిల్ 8న మొదలై 1991 జూన్ 10న ఆగిపోయింది. ఆ చివరి భాగంలో ఆడ్రీ, ఊరి పక్క అడవిని మింగబోతున్న నిర్మాణ పథకానికి నిరసనగా, బ్యాంకు లాకర్ల గది ఇనుప తలుపుకు తనను తాను గొలుసుతో కట్టేసుకుంటుంది. ముసలి బ్యాంకు ఉద్యోగి ఒకరు చూసేవారి ఓపికను పరీక్షిస్తూ అడుగులో అడుగు వేసుకుంటూ అటూ ఇటూ తిరుగుతుంటాడు. ఇంతలో ఇద్దరు మగవాళ్లు వచ్చి ఒక లాకరు తెరవగానే అందులో దాచిన బాంబు పేలుతుంది. ఆపైన కెమెరా బయటికి వచ్చి చూపించేది పేలిపోయిన కిటికీలను, ఎగిరివెళ్లి చెట్టుకొమ్మకు తగులుకున్న కళ్లజోడును. కళ్లజోడు ఏమైందో తెలిసింది, పిల్ల ఏమైందో తెలియలేదు.

తెలుసుకోవడానికి ప్రేక్షకులు 26 ఏళ్లు ఆగారు. షోటైమ్ చానెల్ 2017లో ప్రసారం చేసిన 18 భాగాల కొనసాగింపులో ఆమె 12వ భాగం దాకా కనిపించదు. కనిపించాక కూడా భర్తనని చెప్పుకొనే చార్లీ అనే వ్యక్తితో గొడవపడుతూ, గడప దాటాలో వద్దో తేల్చుకోలేక, ఎవరివో తెలియని పేర్లు వల్లిస్తూ ఉంటుంది. 16వ భాగంలో ఎట్టకేలకు ఊరి బారుకు చేరితే, వేదిక మీది మనిషి ఆమె పేరుతోనే ఒక నాట్యాన్ని ప్రకటిస్తాడు. జనం పక్కకు తప్పుకోగా, పాత ధారావాహికలోని బాణీకి ఆమె ఒంటరిగా, మెల్లగా ఊగుతుంది. అంతలో అక్కడ కొట్లాట రేగడంతో బెదిరిపోయి, ఇక్కడినుంచి తీసుకుపొమ్మని చార్లీ దగ్గరికి పరుగెత్తుతుంది. మరుక్షణం తెల్లటి గదిలో, అలంకరణ లేని ముఖాన్ని అద్దంలో చూసుకుంటూ నివ్వెరపోయి ఉంటుంది. కొద్ది సెకన్ల దృశ్యం అది. ఆ తరువాత తెర మీద ఆమె ఊసే లేదు. అది ఆసుపత్రో, స్పృహలేని మనిషి కనే కలో, పరలోకంలో ఒక గదో తేల్చి చెప్పే ఆనవాలు దొరకదు. ఈ పద్దు దగ్గరికి వచ్చి తమ గుమాస్తాలు కలం ఆపివుంటే అది వారి తప్పు కాదు.

అదే కథలోని డేల్ కూపర్ అనే ఎఫ్‌బీఐ అధికారి పద్దులో ఉన్న చిక్కు వేరు: ఆయన లేకపోవడం కాదు, ఇద్దరు ఉండడం. 1991లో గ్రేట్ నార్తర్న్ హోటల్ 315వ నంబరు గదిలో కళ్లు తెరిచి, పళ్లు తోముకోవాలంటూ స్నానాలగదిలోకి వెళ్లి, ట్యూబులోని పేస్టునంతా సింకులోకి పిండేసి, నుదుటితో అద్దాన్ని బద్దలుకొట్టి, ఆ పగుళ్లలో బాబ్ అనే దుష్టశక్తి ప్రతిబింబిస్తుండగా, ప్రేయసి ఆనీ ఎలా ఉందని వెకిలిగా నవ్వుతూ అడిగినది కూపర్ కాదు, ఆయన నకలు. అసలు మనిషి బ్లాక్ లాడ్జ్ అనే పరలోకంలో చిక్కుకుపోయాడు. బతికుంటే కబురు తెలియవలసినవారికే ఏడేళ్లపాటు ఒక మనిషి కబురు తెలియకపోతే, అతడు బతికే ఉన్నాడని నిరూపించే భారం ఆ మాట అనేవారిదేనని 1872 నాటి భారతీయ సాక్ష్య చట్టం 108వ సెక్షన్‌లో ఉండేది. దాని స్థానంలో వచ్చిన 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియంలో ఆ సూత్రమే 111వ సెక్షన్ అయింది. ఆ లెక్కన, అమెరికాకు మన చట్టంతో పనేమిటన్న అభ్యంతరాన్ని పక్కన పెడితే, 1998 నాటికే కూపర్‌ను పోయినవారి జాబితాలో రాసుకోవచ్చు. కాని నకలు అదే ముఖంతో ఊళ్లు తిరుగుతున్నందున కబురు లేదనడానికీ వీల్లేదు. 2017లో అసలు కూపర్ బయటపడినా, ఆ కథలో హత్యకు గురైన లారా పామర్ రూపంలోనే ఉండి తన పేరు వేరని చెప్పే స్త్రీని లారా పాత ఇంటి ముందుకు తీసుకువెళ్లి, ఇది ఏ సంవత్సరమని తనలో తాను అనుకోవడంతో, ఆ స్త్రీ కేక పెట్టడంతో, ఇంటి దీపాలు ఆరిపోవడంతో కథ ముగిసింది. ఏ సంవత్సరమో తెలియనివాడి మరణతేదీని ఏ గడిలో నింపాలి?

లించ్ 2025 జనవరిలో కన్నుమూసినందున ఇప్పుడాయన వాంగ్మూలం తమకు నేరుగా అందుబాటులో ఉండవచ్చు గాని, దానిమీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దని మనవి. తన సృష్టికి అర్థం చెప్పమన్నవారికి ఆయన జీవితాంతం ఏమీ చెప్పలేదు. సంయమనీపురంలో ఈ పూట ఎండ ఎలా ఉందో చెప్పి ఊరుకునే అవకాశమే ఎక్కువ.

అలాగని, గద్దించి జవాబు చెప్పించాలని ఈ విన్నపం ఉద్దేశం కాదు. లారాను చంపినదెవరో బయటపెట్టమని చానెల్ వారు పట్టుబట్టగా, 1990 నవంబరులో, రెండో సీజన్ నడుమనే, ఆ రహస్యం విప్పవలసివచ్చింది. దానితో కథకు వెన్నెముక విరిగి, చూసేవారు తగ్గిపోయి, కొద్ది నెలలకే ధారావాహిక మూతపడింది. ముగియని అతీంద్రియ కథ తెలుగు ఇళ్లకూ కొత్తది కాదు: చందమామలో దశాబ్దాలపాటు విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకోవడం, మౌనం చెదరగానే భేతాళుడు శవంతో సహా చెట్టెక్కడం ప్రతి నెలా చదివినవారెవరూ మోసపోయామని అనుకోలేదు. రాజు జవాబు చెప్పాకే భేతాళుడు ఎగిరిపోయేవాడు. ఆ నెల కథలోని పాత్రల మంచిచెడ్డల లెక్క ఆ నెలలోనే తేలేది, తేలకుండా మిగిలేది రాజుగారి నడక ఒక్కటే.

కథ అడిగిన ప్రశ్న తేలిందా లేదా అన్న ఈ కొలత ఏంజెల్ పద్దుకు సరిగ్గా సరిపోతుంది. డబ్ల్యూబీ చానెల్‌లో 1999లో మొదలై, 2004 ఫిబ్రవరిలో రద్దు నిర్ణయం వెలువడి, మే 19న 110వ భాగంతో ముగిసిన ఆ ధారావాహికలో నాయకుడు ఆత్మ తిరిగి దక్కిన వాంపైర్, అంటే నెత్తురు తాగి బతికే మృతజీవి. అతడు మళ్లీ మనిషవుతాడని ఒక జోస్యం ఉంది. ఆఖరి భాగంలో శత్రువుల నమ్మకం సంపాదించడానికి ఆ జోస్యం మీద తన హక్కును నెత్తుటి సంతకంతో వదిలేసుకుంటాడు. చివరికి వాన కురుస్తున్న లాస్ ఏంజెలిస్ సందులో, గాయంతో ప్రాణం మీదికి వచ్చిన ఒక నేస్తంతో సహా నలుగురు నిలబడి ఉండగా, భూతసేన మీదికి వస్తూ ఉండగా, అతడు కత్తి ఎత్తగానే తెర నల్లబడుతుంది. 2007 నుంచి కామిక్ పుస్తకాలు ఆ కథను సాగదీశాయి గాని, అది అవసరమా అన్నది సందేహమే. ప్రతిఫలం రాదని తెలిసీ పోరాడతాడా అన్నదే ఆ అయిదు సీజన్ల ప్రశ్న అయినప్పుడు, జవాబు సంతకం దగ్గరే వచ్చేసింది. సందులో ఎవరు మిగిలారన్నది తమ కచేరీ పని, కథ పని కాదు. ఆడ్రీ విషయంలో తేలనిది చావుబతుకులు మాత్రమే కాదు, ఆమె గురించి కథ అడుగుతున్న ప్రశ్న ఏమిటన్నది కూడా.

లాస్ట్ ధారావాహికతో తమ సిబ్బందికి ఇబ్బంది లేదు. 2010 మే 23న ముగిసిన ఆ కథలో, విమానం కూలిన ద్వీపం మీది సంఘటనలన్నీ నిజంగా జరిగాయని, ఎవరి కాలం వచ్చినప్పుడు వారు పోయారని ఒక పాత్ర చేత విప్పి చెప్పించారు. అయినా పేర్లు పడుతున్నప్పుడు విమాన శకలాల దృశ్యాలను ఏబీసీ వారు అతికించడంతో, అందరూ మొదటి ప్రమాదంలోనే పోయారని ఎంతోమంది నమ్మారు. అవి కథలో భాగం కాదని చానెల్ తరువాత వివరణ ఇచ్చుకోవలసివచ్చింది. ఇలా పుట్టిన అనుమానాలను పద్దు రాయకుండానే కొట్టివేయవచ్చు.

వాణిజ్యశాస్త్రంలో అంకణా (ట్రయల్ బ్యాలెన్స్) రెండు వైపులా సరిపోనప్పుడు, తప్పు దొరికేదాకా తేడా మొత్తాన్ని అనామతు ఖాతాలో వేసి ఉంచుతారు. ఇంగ్లీషులో దాని పేరు సస్పెన్స్ అకౌంట్ కావడం ఈ సందర్భంలో ఎవరి ప్రయత్నమూ లేకుండా కుదిరింది. అగ్రసంధాని చివర అటువంటి ఖాతా ఒకటి తెరిచి, అందులోకి ఏంజెల్‌ను రానివ్వక, కూపర్‌ను అసలు, నకలు అని రెండు వరుసల్లో రాయించి, ఆడ్రీకి మాత్రం ఒక పేజీ అంతా ఖాళీగా విడిచిపెట్టవలసిందని, ఆమె సంగతి తేలేదాకా బ్యాంకు బయటి చెట్టుకొమ్మ మీది కళ్లజోడును ఎవరూ దించకుండా ఉత్తర్వులు ఇప్పించవలసిందని ప్రార్థన.

ఇట్లు,
తెర ఆరిపోయాక కూడా కుర్చీల్లోంచి లేవని ప్రేక్షకులు.

జత: ఖాళీ టూత్‌పేస్టు ట్యూబు ఒకటి (315వ నంబరు గది నుంచి).