తండ్రికి పదునైదు దినములు

శిశువు జన్మించిన యింట తండ్రికి సైతము పదిదినముల పురుడు విధించిన ప్రాచీన ధర్మశాస్త్రకారులు అతనిని దేవతార్చనకు దూరము చేసిరే కాని, ఆ పితృత్వము చెల్లునో చెల్లదో యజమానిని అడిగి రమ్మనలేదు. ఆధునిక శాస్త్రకర్తలు వారికంటె నిశితబుద్ధులు గావున, బిడ్డ యేడ్పు వినబడుటకు ముందే తండ్రి కొలువేదో విచారింతురు.

భిలాయి సుపేలాలో ఒకే గోడకు ఇరుప్రక్కల కాపురముండు ఇరువురు తెలుగు యువకులను భావింపుడు. తపాలాశాఖ గుమాస్తా యగు మొదటివాడు అదృష్టవంతుడు. 1997లో వెలువడిన ఉత్తర్వు, తదుపరి 1972 నాటి కేంద్రోద్యోగుల సెలవు నిబంధనలలో 43-ఎ గా చేరి, ప్రసవమునకు 15 దినములు ముందు మొదలుకొని తరువాతి ఆరు మాసముల లోపల అతనికి 15 దినముల సవేతన విరామము ప్రసాదించినది. గడువు దాటినచో వాత్సల్యము మురిగిపోవును. జీవించియున్న సంతానము ఇద్దరికంటె తక్కువగా నున్నప్పుడే ఈ ప్రసాదము. తొలికాన్పున కవలలు పుట్టిరా, మలికాన్పునకు తండ్రి అనర్హుడే.

మనవారికి తొలికాన్పు పుట్టింటనే గదా! గుమాస్తా రాయపూరు మీదుగా విజయనగరము రైలెక్కి, శ్రీకాకుళపు పల్లెలో అత్తవారిల్లు చేరగానే, బాలింతకు పథ్యము వండుచున్న అత్తగారు అల్లునికై గారెలును కోడికూరయు వేరుగా వండవలసివచ్చును. బిడ్డ గుడ్డ యొక్కటియైన మార్చకయే యతడు సుష్ఠుగా భుజించి, సెలవు చాలలేదని విచారపడుచు తిరిగివచ్చును. ప్రభుత్వము వేతనమిచ్చి పోషించు శిశుసంరక్షణ మిట్టిది.

రెండవవాడు ఉక్కు కర్మాగారమున ఠేకేదారుని క్రింద హాజిరీ లెక్కన పనిచేయువాడు. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టము 2017లో సవరింపబడి జీవించియున్న సంతానము ఇద్దరికంటె తక్కువగా నున్న తల్లికి 26 వారములు ఒసగినది గాని, తండ్రి యను ప్రాణిని గుర్తింపలేదు. ఆ యేడే లోక్‌సభలో రాజీవ్ సాతవ్ ప్రవేశపెట్టిన పితృత్వ ప్రయోజన బిల్లు అసంఘటిత కార్మికునకు సైతము ఈ హక్కు కోరినది. ప్రైవేటు సభ్యుల బిల్లులకు పట్టు గతియే దానికిని పట్టినది. 2020 నాటి సాంఘిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలునకు వచ్చినది. అందు ప్రసూతికి అధ్యాయమే యున్నది, తండ్రి సెలవునకు వాక్యమైనను లేదు.

"కన్నది నీ పెండ్లాము గదా, నీకేమి నలతరా?" యని ఠేకేదారు అడుగును. మోటు ప్రశ్నయే, కాని పార్లమెంటు ఇన్నేండ్లుగా ఇదే మాటను మర్యాదగా చెప్పుచుండగా, పాపము, అతనినొక్కనినే నిందించుట న్యాయమా?