డ్రైవరు విభాగాధ్యక్షులవారికి ఒక బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ వైఫై చిప్పుల సంస్థ డ్రైవరు విభాగాధ్యక్షులవారి దివ్యసముఖమునకు, తమ చిప్పును లాప్‌టాప్‌తో పాటు కొనక తప్పనివాడొకడు అనేక నమస్కారములు చేసి వ్రాసుకొను విజ్ఞప్తి.

తాము క్షేమమని తలంతును. ఇచ్చట నేనును క్షేమమే. నా లినక్స్ కెర్నల్ మాత్రము క్షేమముగా లేదు. నిన్న రాత్రి ఉబుంటు అప్‌డేటు ముగిసి, కొత్త కెర్నల్‌తో యంత్రము మరల లేచినది మొదలు, వైఫై తగిలినంతనే లాగులో ‘కట్ హియర్’ అను గీతతో మొదలై ‘ఎండ్ ట్రేస్’ అను గీతతో ముగియు నిలువెత్తు హెచ్చరిక యొకటి వెలువడుచున్నది. రిజిస్టరుల విలువలు, ఫంక్షన్ల వరుస, వానిలో నమ్మరానివాని సరసను ప్రశ్నార్థకములు, వీని నడుమ తమ మాడ్యూల్ పేరును, ఆ పేరు ప్రక్క కుండలీకరణములలో పీ, ఓ, ఈ అను మూడక్షరములును విరాజిల్లుచున్నవి. ఇంత సంరంభమునకు కారణమేమనగా, స్ట్రక్చరు కడపట ఒకే గడి గల అరేను ప్రకటించి, మెమ్‌కాపీతో అందులో దొరికినంత దట్టించుట తమవారికి పూర్వకాలము నుండి అలవాటు. నేటి కెర్నల్, ప్రకటించిన కొలతయే నిజమైన కొలత యని నమ్మి, దానిని దాటినంతనే కేకవేయుచున్నది. దిద్దుటకు ఒక పంక్తి చాలును, మహా యైన నాలుగు. ఇన్నాళ్ళలో ఆ నాలుగు పంక్తులకు తమవారికి తీరిక చిక్కకపోవుట కార్యభారము వలననే యని నేను సద్భావముతో నమ్మితిని.

ఆ నమ్మకముతోనే లాగును జతపఱచి తమ సహాయకేంద్రమునకు విన్నవించుకొనగా రెండు వాక్యముల సమాధానము వచ్చినది: హెచ్చరించినది కెర్నల్ గనుక కెర్నల్‌వారి నడుగవలెనట, అది కుదరనిచో విండోస్ వాడుకొనవలెనట. ఏమయ్యా, గీత దాటినది మీరు, దాటితిరని చెప్పినది కెర్నల్, దండన నాకా? కెర్నల్‌వారి నడుగుమంటిరే, వారేమందురో మీ రెఱుగరా? లాగులో ‘టెయింటెడ్’, అనగా మైలపడినది, అను మాట కంటబడినంతనే, మీ మాడ్యూల్‌ను తొలగించి శుద్ధమైన కెర్నల్‌పై ఆ తప్పును మరల చూపుమందురు. మీ మాడ్యూల్ లేనిచో వైఫై లేదు; వైఫై లేనిచో తప్పు లేదు; తప్పు లేనిచో ఫిర్యాదు లేదు. ఎంత చక్కని ఏర్పాటు! నేను వారిని నిందింపను. సోర్సు కోడు చూడవీలులేని ముద్ద యొకటి మెమరీ యంతట యథేచ్ఛగా తిరుగుచుండగా, ఎవరు ఎక్కడ ఏ బైటును చెఱచిరో తేల్చుట బ్రహ్మతరము కాదు.

ప్రాక్ డైరెక్టరీ క్రింద, సిస్ లోపల, కెర్నల్ అను చోట టెయింటెడ్ అను చిన్న ఫైలున్నది. నిన్నటి వఱకు అందులో 12289 అని యుండెను: మీ లైసెన్సు మూసినదగుటచే 1 (పీ అను అక్షరము దీనిదే), మీ కోడు కెర్నల్ మూలవృక్షమునకు బయటిదగుటచే 4096 (ఓ), దానిపై చెల్లుబాటగు సంతకము లేకుండుటచే 8192 (ఈ). ఇప్పుడు హెచ్చరిక పద్దుక్రింద మఱియొక 512 చేరి 12801 అయినది. మీ మాడ్యూల్‌ను దింపివేసినను ఈ అంకె దిగదు. స్నానము చేయనిదే మైల పోనట్లు, రీబూట్ చేయనిదే ఇది పోదు. రీబూట్ చేసితినా, మరల మీరే ప్రత్యక్షము!

హెచ్చరిక వలన యంత్రము ఆగదని నే నెఱుగుదును. ‘పానిక్ ఆన్ వార్న్’ అను మీటను 1 మీద నుంచుకొన్న సాహసులకు మాత్రమే ఆగును. అయినను మీ లైసెన్సును చూచినంతనే, తాళముల తనిఖీని ఇక నాపుచున్నానని కెర్నల్ ప్రత్యేకముగా ఒక పంక్తి వ్రాయుచున్నది గదా, దానినెప్పుడైన చదివితిరా? రేపు నా డిస్కు నిజముగా చెడి లాగులో మొఱపెట్టుకొన్నను, మీ ట్రేసు అడుగున దానిని వెదకి పట్టువాడెవడు?

కెర్నల్ లోపలి ఇంటర్‌ఫేసులు వెర్షనుకొక తీరున మారిపోవుచున్నవని మీరు వాపోవుదురు. నిజమే. అవి మారుచునే యుండునని కెర్నల్ నిర్వాహకులలో నొకడగు గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ వ్రాసిన పత్రము కెర్నల్ సోర్సులోనే యున్నది. మందు కూడ అందులోనే యున్నది: డ్రైవరును మూలవృక్షములోనికి తెచ్చినచో, ఇంటర్‌ఫేసును మార్చినవాడే దానిని కూడ సవరించును. మీరు చదువలేదు. మీవంటివారి విద్యలు మఱొక తీరువి. 2004లో ఒక మోడెం డ్రైవర్ల సంస్థ, లైసెన్సు చెప్పవలసిన చోట జీపీఎల్ అని వ్రాసి, వెంటనే ఒక శూన్యాక్షరము నిలిపి, షరతులను దాని యావల దాచెను. సీ భాషలో శూన్యాక్షరముతో మాట ముగియును గావున, కెర్నల్ అంతవఱకే చదివి, పాపము, నమ్మెను. ఈ తెలివిలో పదవ వంతు అరే కొలతపై పెట్టరాదా?

2012లో ఫిన్లాండునందలి ఆల్టో విశ్వవిద్యాలయమున లినక్స్ కర్త లైనస్ టోర్వాల్డ్స్ గ్రాఫిక్స్ చిప్పుల ఎన్విడియావారి నుద్దేశించి ఏ వ్రేలు చూపెనో చెప్పుటకు నా గ్రాంథికము చాలదు. ఆ ఎన్విడియావారే 2022 మే నెలలో తమ కెర్నల్ మాడ్యూళ్ళ సోర్సును ఎంఐటీ, జీపీఎల్ అను జంట లైసెన్సుల క్రింద బయటపెట్టిరి. అవి నేటికిని మూలవృక్షమునకు బయటివే, ఓ అను అక్షరము పోలేదు, పీ పోయినది. అంతటివారు దిగివచ్చిరే, పెరటి గోడ దాటి సిగ్నల్ పోని మీ చిప్పులో దాచదగిన బ్రహ్మరహస్య మేమున్నది?

అన్నట్లు, సంతకము లేని మీ మాడ్యూల్ కొఱకై సెక్యూర్ బూటును ఆపివేసితిని. కెర్నల్ మారినప్పుడెల్ల డీకేఎంఎస్ మీ డ్రైవరును కంపైలు చేయబోయి బోర్లపడుట, ప్యాచ్ దింపుకొనుటకు నెట్టు లేక నేను ఫోనును కేబులుతో తగిలించుకొనుట సంగతి సరేసరి. మూత మూసి తెఱచినచో వైఫై నిద్ర లేవదు. పెట్టె మీద మాత్రము ‘లినక్స్ సపోర్ట్’ అని ముద్రించితిరి, ఎవని సపోర్టు?

అయ్యా, కోపములో ఏమేమో వ్రాసితిని, మన్నింపుడు. సోర్సు కోడు ఇయ్యకున్న మానుడు. హెచ్చరికలో కనబడు ఫైలు, పంక్తి సంఖ్య, అవి మా యింట కంపైలగు పైపొరలోనివే, నేనే దిద్దుకొనగలను. కాని ఆ స్ట్రక్చరునే లోపలి మూసిన ముద్దయు వాడుచున్నది. ఇటు నేను కొలత మార్చినచో అటు ఏమగునో తమకు దప్ప లోకమున నెవ్వరికిని తెలియదు. ఆ ముద్ద ఏ కొలతను నమ్ముకొని యున్నదో ఒక్క పంక్తిలో సెలవియ్యుడు, బాబూ. ప్యాచ్ నేను వ్రాసుకొందును. పేరు తమదే పెట్టుకొనుడు.

ఇట్లు,
తమ చిప్పు కొన్నవాడు