పాత కూసాలు, కొత్త జాలీ

పెరటి కంచె మారుద్దామనుకోండి, ముందు వినబడే సలహా ఒకటే: "రాళ్లు బాగానే ఉన్నాయి కదా, జాలీ ఒక్కటి వేయిస్తే పోలా?" ఈ సలహా ఇచ్చినవాళ్లు పని జరిగే రోజు ఆ ఛాయలకు రారు. మా ఇంట్లో ఇచ్చింది మా ఆవిడ. పని మొదలైన రోజు ఆమె పుట్టింట్లో ఉంది.

మాది కమలాపురం వైపు. పెరటి చుట్టూ మా నాయన నాటించిన రాతి కూసాలు, వాటికి ముళ్లతీగ, తీగ తెగిన చోటల్లా కంప. కంప విషయంలో మా ఊరికి కాస్త చరిత్ర కూడా ఉంది. ఇప్పుడు దేశమంతా తిట్టుకునే సర్కారు తుమ్మను ఎండు నేలల్లో బాగా పెరుగుతుందని తెల్లదొరల కాలంలో, 1877లో, తెచ్చి నాటింది మా కమలాపురంలోనే. పెరగడంలో అది మాట తప్పలేదు. మేకలు రాకుండా మనం కంప వేస్తాం. మేకలొచ్చి ఆ చెట్టు కాయలే తింటాయి, పోతూ పోతూ పెంటికలతో విత్తనాలు చల్లిపోతాయి. మరుసటేడు కంచె దానంతటదే పెరట్లోకి నడిచొస్తుంది.

అందుకే ఇనుప జాలీ అనుకున్నాం. దుకాణంలో పది గేజీ చూపించారు, పన్నెండు గేజీ చూపించారు. తోడొచ్చిన మా బావమరిది పన్నెండే కావాలని పట్టుబట్టాడు. అంకె పెరిగే కొద్దీ తీగ సన్నబడుతుందని, పది గేజీ దాదాపు మూడుంబావు మిల్లీమీటర్లయితే పన్నెండు రెండున్నర దాటి కాస్తేనని దుకాణదారు ఓపిగ్గా చెప్పాడు. పెద్ద అంకెకు తక్కువ డబ్బు అడిగే దుకాణం మీద మా బావమరిదికి ఇప్పటికీ అనుమానమే.

మేస్త్రీ వచ్చి ముందు జాలీ వైపు చూడనే లేదు. సుత్తి తీసుకుని కూసాల వెంట నడిచాడు. ఒక్కో రాయిని నడుమ కొట్టి చెవి పెడతాడు. ఖంగుమంటే ముందుకు. ఒకదాని దగ్గర మాత్రం "డబ్" అంది. మళ్లీ కొట్టి, తడి వేలితో రుద్దితే వెంట్రుకంత పగులు బయటపడింది.

"ఇది పోయిందన్నా. మిగతావి మీ మనవళ్ల కాలానికీ ఉంటాయి. కానీ ఒక్కటీ నిలువుగా లేదే!"

నిజమే. మాది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. ఇన్నేళ్ల ఆ ఉబ్బుకూ నెర్రెకూ కూసాలన్నీ పెళ్లి ఫొటోలో ముసలాళ్లలా తలో దిక్కు చూస్తున్నాయి. ముళ్లతీగకు ఇదేమీ పట్టదు, ఎటు లాగితే అటు పోతుంది. జాలీ అలా కాదు, బిగుతుగా లాగాలి. లాగితే ముందు వంగేది మూల కూసమే. దానికి ఏటవాలుగా ఆనింపు రాయి నాటాలి. అంటే కొత్త రాళ్లు కొనాలి. పాతవి నిలబెట్టడానికి.

కూసానికీ కూసానికీ మధ్య దూరమూ ఒకలా లేదు. నాయన టేపు పట్టే మనిషి కాదు, అడుగులేసి కొలిచేవాడు. తూర్పు వైపు రాళ్లు ఎడంఎడంగా, పడమర వైపు దగ్గరదగ్గరగా ఉన్నాయి. తూర్పున పొద్దున నాటించి ఉంటాడు, పడమర భోజనం తర్వాత.

వంగిన కూసాలను సరిచేస్తుంటే పక్కింటి పెద్దాయన గోడ మీద చేతులానించి నిలబడ్డాడు.

"నాయనా, మీ మూడో రాయి తల పదేండ్లుగా మా స్థలంలో ఉంది. నేనెప్పుడైనా అడిగినానా?"

"లేదు పెద్దాయనా."

"ఇప్పుడు నిలబెట్టేటప్పుడు మొదలు కూడా మీవైపుకే జరపండి మరి."

పదేళ్ల తలకు వడ్డీ అన్నమాట. మేస్త్రీ ఆ మాట విననట్టే గుంటలో కంకర దిమ్మిసా చేస్తూ పోయాడు.

సాయంత్రానికి జాలీ బిగిసింది. లెక్క చూస్తే జాలీ ఖర్చు ఒక ఎత్తు, పాత రాళ్లను ఉంచుకున్న ఖర్చు ఒక ఎత్తు. పగిలిన కూసం లాగుతుంటేనే రెండు ముక్కలైంది. పెద్ద ముక్క బట్టలుతికే బండకు కావాలని ఫోన్‌లోనే మా ఆవిడ ఆర్డరు. చిన్నది తన ఇంటి మెట్టుకు సరిపోతుందని మేస్త్రీ అడిగితే సరే తీసుకోమన్నాను. తీసుకున్నాడు. కూలీలో దానికి తగ్గింపేమీ లేదు, పైగా ఆటో చార్జీ అడిగాడు.