బరువు తగ్గిన ఫోటోలపై వినకూడని సలహాలు

ఎడమవైపు పొట్టతో ఒకావిడ, కుడివైపు సన్నబడిన అదే ఆవిడ, మధ్యలో బాణం గుర్తు, కింద ‘30 రోజుల్లో 15 కిలోలు’. ఫోన్‌లో ఇలాంటి ప్రకటన చూసి ఆశపడినవాళ్లకు ఇంట్లో, ఆఫీసులో, వాట్సాప్ గ్రూపుల్లో సలహాలు ఇచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లు మన మంచి కోరేవాళ్లే, కానీ ఆ సలహాలు మాత్రం మనిషిని నేరుగా ఆ ప్రకటన చేతిలో పెడతాయి.

ఎక్కువగా వినబడేది ఇది: “జూమ్ చేసి చూడు. ఎడిట్ చేయలేదంటే నమ్మొచ్చు.”

ఎడిటింగ్‌తో ప్రకటన చేసేవాళ్లకు అసలు పనే లేదు. 2013లో ఆండ్రూ డిక్సన్ అనే వ్యాయామ శిక్షకుడు తన ఒంటిమీదే ఈ సంగతి చూపించాడు. ఒక ఫోటో తీసుకున్నాడు. తలా ఛాతీ గొరిగించుకుని, కొన్ని పుషప్‌లు తీసి, గదిలో లైట్లు సర్దుకుని, పొట్ట లోపలికి పీల్చి ఇంకో ఫోటో దిగాడు. రెండింటి మధ్య సుమారు ఒక గంట గడిచిందంతే. చూసినవాళ్లకు మాత్రం నెలల సాధనలా కనబడుతుంది.

దీనికి పెద్ద విద్యేమీ అక్కర్లేదు. ఎదురుగా ఫ్లాష్ పడితే ఒళ్లంతా చదునుగా, మెత్తగా కనిపిస్తుంది. అదే వెలుగు పైనుంచో పక్కనుంచో పడితే నీడలు వచ్చి కండలు తేలతాయి. ఫోన్‌ను దగ్గరగా, పొట్ట ఎత్తులో పట్టుకుంటే పొట్టే పెద్దదవుతుంది. మొదటి ఫోటోలో బిగుతు ఎలాస్టిక్ పొట్ట కింద నొక్కి మడత తెస్తుంది, రెండోదాంట్లో నడుము పైదాకా వచ్చే ప్యాంటు ఆ మడతను దాచేస్తుంది. ఒకటి రాత్రి భోజనమయ్యాక, ఇంకొకటి పొద్దున్నే పరగడుపున. భుజాలు వాల్చి దిగులుగా ఒకటి, నిటారుగా నిలబడి నవ్వుతూ ఒకటి. ఇందులో ఏదీ ఎడిటింగ్ కాదు. ఎంత జూమ్ చేసినా దొరికేదేమీ ఉండదు.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది బాలింత ఫోటో. కాన్పయిన కొత్తలో తీసిన ఫోటోను ‘ముందు’ అని పెడతారు. నెలల తర్వాత ఒళ్లు దానంతటదే సర్దుకున్నాక తీసినదాన్ని ‘తర్వాత’ అని పెట్టి, పక్కన బరువు తగ్గించే పొడి డబ్బా నిలబెడతారు. ఆ తల్లి శరీరం చేసుకున్న పనిని డబ్బా ఖాతాలో రాయడం దొంగతనమే. రెండు ఫోటోలూ నిజమైనవే కావచ్చు. వాటి మధ్య ఎన్ని రోజులు గడిచాయో, ఆ రోజుల్లో ఏం జరిగిందో ఎవరూ చెప్పరు. మోసం ఉన్నది అక్కడ.

రెండో సలహా: “మొదటి వారంలోనే మూడు కిలోలు తగ్గావా? అయితే పనిచేస్తున్నట్టే, ఇంకో మూడు డబ్బాలు తెప్పించుకో.” అన్నం మానేసి ఆ పొడి కలిపిన షేకులు తాగితే కాలేయంలో, కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ ఖర్చవుతుంది. అది ప్రతి గ్రాముకు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అది కరిగితే ఆ నీరూ పోతుంది. త్రాసు ముల్లు దిగుతుంది, మళ్లీ మామూలుగా తినగానే ఎక్కుతుంది. కొవ్వు లెక్క వేరు. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. నెలకు 15 కిలోల కొవ్వు కరగాలంటే రోజుకు దాదాపు 3,850 కేలరీల లోటు కావాలి. రోజంతా కూర్చుని పనిచేసే మనిషి పచ్చి మంచినీళ్లతో ఉపవాసమున్నా అంత లోటు రాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు వారానికి అర కిలో తగ్గడం సురక్షితమన్నాయి. అంటే నెలకు రెండు కిలోలు. రెండు కిలోల తేడాను ఫోటోలో చూపించడం కష్టం కాబట్టే ఈ వ్యాపారానికి లైట్లూ ప్యాంట్లూ కావాల్సి వచ్చాయి.

“కింద ‘ఫలితాలు మనిషిని బట్టి మారతాయి’ అని రాశారుగా, నిజాయితీగానే ఉన్నారు” అంటారు కొందరు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2002లో 300 బరువు తగ్గింపు ప్రకటనలను పరిశీలిస్తే దాదాపు 40 శాతంలో కచ్చితంగా అబద్ధమనదగ్గ మాట కనీసం ఒకటైనా ఉంది. ఇలాంటి చిన్నక్షరాల వెనక దాక్కోవడం ఇక కుదరదని 2009లో ఆ సంస్థే తన నియమాలు మార్చింది. మన దగ్గర 2022లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు కూడా గట్టివే. ప్రకటన ఏ భాషలో ఉంటే కింద రాసే హెచ్చరికా ఆ భాషలోనే ఉండాలి, తప్పుదారి పట్టించే మాటను హెచ్చరికతో సరిదిద్దుకోవడానికి వీల్లేదు. తెలుగులో ఊదరగొట్టి మూలన ఇంగ్లిష్‌లో రాసే ఆ చీమ తలకాయంత వాక్యాన్ని నిజాయితీకి గుర్తుగా ఎలా తీసుకుంటాం?

“మన వీధి పిన్నిగారే తగ్గారు, ఆవిడ ఫోటో కూడా నమ్మవా?” నమ్మండి, ఆవిడ తగ్గే ఉంటారు. కానీ అదే డబ్బా కొని తగ్గనివాళ్ల ఫోటోలు ఎవరూ గ్రూపులో పెట్టరు. పైగా పిన్నిగారు ఇప్పుడు ఆ డబ్బాలు అమ్మే కోచ్ అయి, ప్రతి డబ్బాకూ కమీషన్ తీసుకుంటున్నారేమో కనుక్కోండి. అడగడానికి మొహమాటపడాల్సిన పనిలేదు.

“అంతా మూలికలే, పోయేదేముంది” అన్న మాటకు ఒక్క జవాబు చాలు. సిబుట్రమిన్ అనే ఆకలి తగ్గించే మందుతో గుండెకు ప్రమాదమని 2011లో మన దేశం దాన్ని నిషేధించింది. ఆ తర్వాత కూడా ‘సహజం’ అని అమ్మే బరువు మందుల్లో అది బయటపడుతూనే ఉంది.

అన్నిటికంటే ప్రమాదమైన సలహా ఇది: “ముందు నీ ఫోటో తీసి కోచ్‌కి పంపు, ఉత్సాహం వస్తుంది.” పంపకండి. లోదుస్తుల్లో దిగిన ఆ ఫోటో ఒకసారి వెళ్లాక అది ఎవరి ఫోన్‌లో ఉందో, ఏ ఊరి ప్రకటనలో తేలుతుందో మీ చేతిలో ఉండదు. మీ ఒళ్లు మీకు సిగ్గుచేటని నమ్మించి, ఆ సిగ్గునే వాళ్లు సరుకుగా వాడుకుంటారు. కొలతలు కావాలంటే టేపుతో నడుము కొలిచి మీ డైరీలో రాసుకోండి. షుగరు, బీపీ ఉంటే డాక్టరుకు చూపించండి.

ఇక మోసపోయాక వచ్చేది: “పోయిన డబ్బు పోయింది, పరువు పోగొట్టుకోకు.” ఊబకాయం నయం చేస్తామని మందును ప్రకటించడాన్ని 1954 నాటి చట్టమే నేరమంది. చాలామంది ‘ఇది మందు కాదు, ఆహారం’ అని చెప్పి తప్పించుకుంటారు. అలాంటివాళ్లమీద 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. దాని కింద తప్పుడు ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. ప్రకటన మాయమయ్యేలోపు తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీయండి, డబ్బు కట్టిన రసీదు దాచండి, 1915కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడొచ్చు.