శీతకాలపు గండిలో బుద్ధిమంతులు

ఏళ్ళ తరబడి పేరుకుని, తన బరువుకు తానే మెల్లగా పల్లానికి జారే మంచురాశిని హిమానీనదం అంటారు. ఆల్ప్స్ పర్వతాల్లో అటువంటి మంచు అడుగున పుట్టిన వాగులు కొండను నిలువునా కోసి ఇరుకు గండ్లు ఏర్పరిచాయి. వాటిలోకి తాళ్ళ సాయంతో పైనుంచి దిగి, మడుగుల్లో దూకి, ఈది, నున్నటి రాళ్ళ మీద జారి, చివరకు కింద ఎక్కడో ఒడ్డున పడే వ్యాపకం పేరు కాన్యనింగ్. నీళ్ళతో పని గనుక దీనికి వేసవే అనువైన కాలమని ఎవరైనా అనుకుంటారు. హిమానీనదపు గండ్ల లోతుపాతులు తెలిసినవారు మాత్రం నీళ్ళు గడ్డకట్టే నెలల కోసమే కాచుకుని కూర్చుంటారు. దీన్ని మతిచలనంగా కొట్టిపారేయడం పొరపాటు. ఇది ఆసాంతం లెక్క కట్టి చేసే పని, పైగా ఆ లెక్కలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

మామూలు వాగుకు వాన వస్తే వరద. హిమానీనదపు వాగుకు ఎండ కాస్తే వరద. వేసవిలో తెల్లవారుజామున కాస్త తగ్గి ఉండే ప్రవాహం, పొద్దెక్కే కొద్దీ మంచు కరిగి, మధ్యాహ్నం దాటేసరికి ఉగ్రరూపం దాలుస్తుంది. మంచు రాతిని నూరగా వచ్చిన సన్నని పిండి కలిసి నీరు బూడిద రంగుకు తిరగడంతో, దూకబోయే మడుగు ఎంత లోతో, అడుగున ఏముందో కనిపించదు. స్విట్జర్లాండులోని లాటర్‌బ్రున్నెన్ లోయలో ఐగర్, మోంఖ్, యుంగ్‌ఫ్రౌ శిఖరాల మంచునీటిని కొండ లోపలి నుంచే మోసుకొచ్చే ట్రుమ్మెల్‌బాఖ్ జలపాతాల్లో సెకనుకు 20,000 లీటర్ల దాకా నీరు పడుతుంది. హైదరాబాదు వేసవిలో వీధంతా బిందెలతో ఎదురుచూసే 5,000 లీటర్ల ట్యాంకర్లు సెకనుకు నాలుగు చొప్పున నెత్తిన కుమ్మరించినట్టన్నమాట. అటువంటి ధారల కింద తాడు పట్టుకుని వేలాడాలన్న కోరిక ఎంతటి సాహసికీ కలగదు. శీతకాలంలో మంచు కరగడం దాదాపు ఆగిపోయి, ఇటువంటి వాగులు సన్నని పాయలై, నీరు అద్దంలా తేటపడుతుంది. కనుక ప్రాణం మీద తీపి ఉన్నవాడు జనవరిలోనే దిగాలి.

ఈ సూక్ష్మం ఆర్థర్ కానన్ డాయిల్‌కు కలిసివచ్చిందనే చెప్పాలి. రోజన్‌లౌయి హిమానీనదపు నీరు చేరే రైఖెన్‌బాఖ్ జలపాతం దగ్గర షెర్లాక్ హోమ్స్‌కూ ప్రొఫెసర్ మోరియార్టీకీ జరిగిన, ఇద్దరూ నీటిపాలయ్యారని లోకం నమ్మిన తుది పోరాటాన్ని ఆయన తన కథలో 1891 మే 4వ తేదీకి, అంటే మంచు కరిగి వాగు పొంగే రోజులకు పెట్టాడు. అదే జనవరిలో పెట్టి ఉంటే, తగ్గిన తేటనీటిలో ఎన్ని శవాలున్నాయో ఊరి పోలీసులే లెక్కపెట్టి చెప్పేవారు. 1903లో పాఠకుల పోరు పడలేక హోమ్స్‌ను బతికించే దారి మూసుకుపోయేది.

ఇక చలి సంగతి. బయట గాలి సున్నాకు పది డిగ్రీలు దిగువన ఉన్నప్పుడు కూడా పారే నీరు సున్నాకు కాస్త పైనే ఉంటుంది కాబట్టి, నీళ్ళలోనే వెచ్చగా ఉందని దిగినవారు చెప్పే మాటను థర్మామీటరు సమర్థిస్తుంది, శరీరం సమర్థించదు. నీరు ఒంటి వేడిని గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. అందుకే నియోప్రీన్ సూటు, అంటే లోపల సన్నని గాలిబుడగలున్న దళసరి రబ్బరు తొడుగు వేసుకుంటారు. ఈ తొడుగు నీటిని పూర్తిగా ఆపదు, కొద్దిగా లోపలికి రానిచ్చి ఒంటి వేడితోనే కాగబెట్టిస్తుంది. వేన్నీళ్ళకు చన్నీళ్ళు తోడంటారు గానీ, ఇక్కడ వేన్నీళ్ళు కాచే పూచీ కూడా తడిసినవాడిదే. మెడ వెనుక సందులోంచి దూరిన మొదటి చెంబెడు నీళ్ళు వెన్నుపూసలను ఒక్కొక్కటిగా పలకరించుకుంటూ నడుము దాకా దిగే ఆ కొద్ది క్షణాల్లో, లెక్క కట్టిన బుద్ధిమంతుడు ఊపిరి తీయడం తప్ప తక్కిన విద్యలన్నీ మరచిపోతాడు. స్విట్జర్లాండు మంచులో పలచని చీర కట్టుకుని నవ్వు చెదరకుండా పాట ముగించిన తెలుగు కథానాయికలను ఈ విషయమై ఎవరూ సంప్రదించకపోవడం శాస్త్రానికి లోటే.

దిగిన తరువాత తాడు తన స్వభావం మార్చుకుంటుంది. తడిసిన తాడు గాలి తగలగానే గడ్డకట్టి కర్రగా మారి, ఎనిమిది అంకె ఆకారంలో ఉండే లోహపు దిగుడు పరికరంలోంచి జారనని మొరాయిస్తుంది. తాడు కట్టడానికి రాతిలో ముందే బిగించిన మేకులు జానెడు మంచు కింద ఉంటాయి కాబట్టి, వాటిని తవ్వి తీసేదాకా పైవాడు పైనే వణుకుతాడు. నీటి హోరులో మాట వినపడదు గనుక సంకేతాలు ఈలతో ఇస్తారు. పెదవులు కొయ్యబారినవాడు ఊదిన ఈల ఆగమంటున్నదో దిగమంటున్నదో పైవాడి అదృష్టాన్ని బట్టి ఉంటుంది. తల పైన మర్రి ఊడల్లా వేలాడే మంచుకడ్డీలు ఎండ తగిలితే ఊడిపడతాయి. ఆల్ప్స్ దాటివచ్చే ఫోన్ అనే పొడి వెచ్చటి గాలి వీచిందా, వాగూ పెరుగుతుంది, పైవాలు మంచూ కూలుతుంది. చలికి కొంకర్లు పోతున్న మనిషి ఎండ రాకూడదని మొక్కుకునే చోటు భూమి మీద ఇంకెక్కడైనా ఉందేమో తెలియదు.

వీటికి తోడు జలవిద్యుత్ సంస్థలు వాగుల ఒడ్డున హెచ్చరిక పలకలు నాటి ఉంచుతాయి. ఆనకట్ట గేటు ఎత్తినా, సొరంగం మూతిలో చేరిన ఇసుకను కడిగి వదిలినా, వాతావరణం ఎంత బాగున్నా నీరు ఉన్నట్టుండి పెరగవచ్చునని వాటి సారాంశం. ఎండనూ మంచునూ నెలల తరబడి లెక్కలోకి తీసుకున్నవారు, గేటు తిప్పే ఉద్యోగి డ్యూటీ వేళలు కూడా కనుక్కోక తప్పదు.

బయటపడ్డాక వేళ్ళలోకి నెత్తురు తిరిగి వచ్చేటప్పుడు కలిగే నొప్పికి పెద్దపెద్దవారే కేకలు పెడతారు. అయితే అసలు పరీక్ష కారు దగ్గర ఉంది. అక్కడిదాకా నడిచేలోపు సూటు పైపొర బిగుసుకుపోయి, వీపు మీది జిప్పులో మంచు పేరుకుని, మనిషి తన రబ్బరులో తానే ఖైదీ అవుతాడు. జిప్పు మీద వేడినీళ్ళు పోస్తే తప్ప విడుదల లేదు. ముందుచూపున్నవారు రెండు ఫ్లాస్కులు తెచ్చుకుంటారు, ఒకటి వీపుకు, ఒకటి గొంతుకు. ఒక్కటే తెచ్చుకున్నవారు, అందులోనూ చక్కెర వేసిన టీ తెచ్చుకున్నవారు, దాన్ని ఎటు పోయాలో తేల్చుకునేలోపు అది చల్లారిపోతుంది.