మంచినూనె, చెడ్డ కొవ్వు

కొలెస్ట్రాల్‌ను ఎక్కువగా తయారుచేసేది వంటిల్లు కాదు, కాలేయం. కణాల పొరలకూ కొన్ని హార్మోన్లకూ అది కావాలి కాబట్టి, గుడ్డు ముట్టని మనిషి ఒంట్లోనూ ఉంటుంది. దాన్ని రక్తంలో మోసే బండ్లలో ముఖ్యమైనవి రెండు. సరుకును దారిలో రక్తనాళాల గోడల్లో దించిపోయేది ఎల్‌డీఎల్. మిగులును ఏరుకుని కాలేయానికి తిరిగి చేర్చేది హెచ్‌డీఎల్. పరీక్షకు రెండు రోజుల ముందు గుడ్డు మానేసి వెళ్లేవారున్నారు. ఎల్‌డీఎల్ అంత తొందరగా మోసపోదు.

నూనె ముచ్చటకు బీచుపల్లి తగిన చోటు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ చుట్టుపక్కలంతా పల్లీ పండే నేల. కృష్ణ ఒడ్డున ఆంజనేయస్వామి గుడి ఉన్న ఈ ఊళ్లో ఒకప్పుడు ఆయిల్‌ఫెడ్ పల్లీనూనె మిల్లు నడిచింది. అది మూతపడి ఏళ్లు గడిచాక పామాయిల్ ఫ్యాక్టరీ మాట వచ్చింది. పల్లీనూనెలో సంతృప్త కొవ్వు సుమారు ఐదో వంతు, పామాయిల్‌లో దాదాపు సగం. ఎల్‌డీఎల్‌ను పెంచేది ఆ కొవ్వే. అయినా రెండు ప్యాకెట్ల మీదా ‘కొలెస్ట్రాల్ లేదు’ అని రాస్తే అబద్ధం కాదు. చెట్టూచేమా నుంచి తీసిన నూనెలో లెక్కకొచ్చేంత కొలెస్ట్రాల్ ఎలాగూ ఉండదు. మంచినీళ్ల సీసా మీద ‘ఎముకలు లేవు’ అని రాసినంత నిజం అది. ఆంజనేయుడికి వేసే వడమాల కూడా స్వామి మెడలో ఉన్నంతసేపు ఎవరికీ హాని చేయదు. ప్రసాదమై చేతికొచ్చాకే లెక్క మొదలవుతుంది.

గుండెకు కీడు చేసేది కొవ్వొక్కటే కాదు. 52 దేశాల్లో జరిపిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లో తొమ్మిది కారణాలు చెప్పింది. వాటిలో పొగాకు, బీపీ, షుగర్, పొట్ట, మనసు మీది ఒత్తిడి, ఒళ్లు కదపకపోవడం ఉన్నాయి. బీడీ ముట్టించుకుని పామాయిల్‌ను తిట్టేవారికి ఈ జాబితా నచ్చదు. పొట్టకు టేపు చాలు: మన దేశంలో మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే హెచ్చరికే. కొలిచేటప్పుడు ఊపిరి బిగబట్టడం ఈ పరీక్షలో జరిగే కాపీయింగ్. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అన్నంలో కలిపే ఊరగాయ కూడా ఆ ఖాతాలోదే.

తిండి, నడకలతో ఎల్‌డీఎల్ లొంగకపోతే స్టాటిన్ గోలీ. దీని తొలి రూపాన్ని జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో 1970లలో బూజు నుంచి తీశాడు. సంజీవనికి కొండ ఎత్తాల్సి వచ్చింది గానీ, దీనికి బూజు దులిపితే సరిపోయింది. వేలకొద్దీ బూజులు దులిపాడన్నది వేరే మాట. గుండెజబ్బు ఉన్నవారిలో ఎల్‌డీఎల్‌ను సాధారణంగా డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే కిందికి దింపాలని చూస్తారు. రిపోర్టు బాగుందని గోలీ మానేసేవారే ఎక్కువ చిక్కు తెస్తారు. ఎగువన జూరాల ప్రాజెక్టు గేట్లు దించితే బీచుపల్లి దగ్గర నీళ్లు తగ్గుతాయి. తగ్గాయి కదా, ఇక గేట్లెందుకని పీకేసినట్టుంటుంది వాళ్ల లెక్క. బీపీ గోలీదీ ఇదే కథ.

ఆఖరి పొరపాటు, అన్నిటికన్నా ఖరీదైనది, ‘గ్యాస్’. ఛాతీ బరువెక్కి, నొప్పి చేతికో దవడకో పాకి, చల్లచెమట పడితే ఇంట్లో నలుగురూ ఏకగ్రీవంగా గ్యాస్ అని తేల్చి సోడాకు మనిషిని పంపుతారు. అది గుండెపోటు కావచ్చు, ఫోన్ చేయాల్సిన నంబర్ 108. సోడా తెచ్చేవాడు తిరిగొచ్చేలోపు చేయాలి.