కవ్వపు స్తంభం చెప్పుకున్న కథ

నేను టేకు స్తంభాన్ని. అమలాపురం పక్క ఊళ్ళో ఒక మండువా లోగిలిని మోసినదాన్ని. గోదావరి మీద తెప్పలుగా రాజమండ్రి కలప అడితికి దిగిన మన్నెం టేకులో నాదీ ఒక దుంగ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో వరి పండి, రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడిన కాలంలో లేచిన ఇళ్ళ కోవలోదే మా ఇల్లు. నన్ను చెక్కిన వడ్రంగి నెత్తిన అరటిపువ్వు తీర్చి, కాళ్ళ కింద రాతి పీట వేశాడు. టేకుకి చెద భయం తక్కువే గాని, తడి నేల తగిలితే ఎంత చేవైనా అడుగు పుచ్చుతుంది. ఆ సంగతి తెలిసిన చెయ్యి అది.

మా నాలుగు స్తంభాల నడుమ ఆకాశం ఉండేది. పెంకు మీది వాన నాలుగు వైపుల నుంచీ మండువాలోకి దిగి, తూములోంచి పెరట్లోకి పోయేది. వేసవిలో వేడిగాలి పైకి పోయి వసారాలు చల్లగా ఉండేవి. మిగతా మూడింటికీ లేని పని నాకొకటి ఉండేది. తెల్లారగట్ల మజ్జిగ చిలకడానికి కవ్వాన్ని నాకే కట్టేవారు. అత్తగారు, కోడలు, ఆ కోడలి కోడలు అలా చిలుకుతూ ఉంటే, తాడు రాసుకుని రాసుకుని నా నడుం దగ్గర వేలు పట్టేంత గాడి పడింది. వెన్నచేతులు తగిలి ఆ చోటు నల్లగా, నున్నగా తేలింది.

1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి కోనసీమ కొబ్బరి తోటలకి తోటలే నేలకూలాయి. మా పెంకులు కాగితాల్లా ఎగిరిపోయాయి. ఇంటిల్లిపాదీ నా పక్కనే ముడుచుకుని కూర్చున్నారు. దూలాన్ని నేను జారనివ్వలేదు.

తరవాత్తరవాత పెంకు నేసేవాళ్ళు దొరక్క, కారుడు పడలేక, "డాబా వేసేద్దాం" అన్నారు. దూలాలూ తలుపులూ బేరగాళ్ళు పట్టుకుపోయారు. గాడి ఉందని నన్ను మాత్రం వద్దన్నారు. పశువుల పాక వెనక పడేశారు.

అక్కడ నా మీద కొబ్బరి డొక్కలు పోశారు. గేదె తలుగు నాకే కట్టారు. బట్టల తాడుకని కొట్టిన మేకు తుప్పుపట్టి ఇప్పటికీ ఒంట్లోనే ఉంది. డాబాకి సున్నం వేసిన నాడు బ్రష్షు నా మీదే దులిపారు. నిలబడినన్నాళ్ళూ కవ్వపు స్తంభాన్ని, పడ్డాక ‘ఆ దుంగ’ని. పొయ్యిలోకి నరకబోతే మామ్మగారొక్కరే అడ్డుపడ్డారు. కింది తడి మాత్రం నా అడుగు జానెడు తినేసింది.

ఈ సంక్రాంతి సెలవులకి హైదరాబాదు నుంచి మనవరాలు వచ్చింది. కొత్త ఫ్లాటులో హాలు ఎలా ఉండాలో ఫోన్‌లో వెతుక్కుంటోంది. పింటరెస్టులో కారైకుడి స్తంభాలు, ఇన్‌స్టాగ్రామ్‌లో కేరళ నాలుకెట్టు ఇళ్ళ నడిమి వాకిళ్ళు.

"మామ్మా, ఈ పాత స్తంభం చూడు. రేటు చూస్తే భయమేస్తోంది."

మామ్మగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఇదా? పాక వెనకాల పడుందిగా. మా అత్తగారు వెన్న తీసిన స్తంభమే అది."

ఆ పిల్ల డొక్కలు తీసి, గాడిలో వేలు పెట్టి చూసింది. చెన్నై దగ్గర దక్షిణచిత్రలో చెట్టినాడు ఇల్లొకదాన్ని విప్పి తెచ్చి మళ్ళీ నిలబెట్టారని మామ్మకి చెప్పింది. ఇంటికి ఇల్లే లేచి నిలబడితే, ఒంటి స్తంభాన్ని నన్ను నిలబెట్టడమెంత!

మర్నాడు వడ్రంగి వచ్చాడు. "ఆయ్, చేవ బాగానే ఉందండి. చిత్రిక పట్టి, గాడికి లప్పం పెట్టి పాలిష్ కొడితే కొత్తదైపోద్దండి" అన్నాడు.

అమ్మాయీ, పుచ్చిన అడుగు కోయించు. మేకు పీకించు. నా రాతి పీట బావి దగ్గరుంది, బట్టలుతుకుతున్నది దాని మీదే, దాన్నీ వెంట తీసుకెళ్ళు. చిత్రిక పైపైన పట్టమను. గాడికి మాత్రం లప్పం పెట్టనివ్వకు.